జేజి గడ్డ

మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తుంటే మా మనవడు వచ్చి, ఫోను నా ముక్కు ముందు పెట్టి, "అవ్వా, నువ్వు సెప్పే క్యాంపు ఇదేనా?" అన్నాడు. కారం చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళద్దాలు వెతుక్కుని చూశాను. నల్లరాయి. నున్నగా చెక్కించి, అక్షరాలకు బంగారు రంగు వేయించి, పైన "మన ఊరిని స్థాపించిన కుటుంబాలు" అని రాయించారు. కింద వరుసగా పేర్లు. లెక్కపెడితే పన్నెండు వచ్చాయి. నమ్మలేక వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టబోతే, వేలు తగిలి బొమ్మ ఎటో పోయింది. మనవడి చేత మళ్ళీ తెప్పించి లెక్కపెట్టాను. పన్నెండే.

పదమూడో ఇల్లు మాది. లేదు.

నాకు తిక్క రేగింది. ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళూ మొదటి చలికాలం ఎవరు కుట్టిన పరుపుల మీద పడుకున్నారో, ఆ ఊళ్ళో మట్టిలో కలిసిన మొదటి పెద్ద మనిషి ఎవరో, ఒక్కరికీ గుర్తు లేదా? "ఎందుకవ్వా అంత కోపం, రాయే కదా" అన్నాడు మనవడు. రాయే కదా అని వాడికేం తెలుసు! కూర్చోబెట్టి చెప్పాను. మిరపకాయలు సగం ఆరబోయకుండానే మిగిలాయి.

మేం దూదేకులోళ్ళం. ఆదోనిలో మా వీధి అంతా దూది పనే. మా జేజి, అంటే నాయన వాళ్ళ అమ్మ, మగవాళ్ళతో సమానంగా విల్లు పట్టేది. నిలువెత్తు కర్ర విల్లు, దానికి నరంతో పేనిన తంతి. తంతిని దూదిలో పెట్టి చెక్క గుండుతో కొడితే 'టుంయ్' మని మోగి, ముద్దగా ఉన్న పత్తి విచ్చుకుని పైకి లేచేది. ఇంట్లో చారులో దూది, తలలో దూది, నిద్రలేచేసరికి ముక్కులో దూది. వీధి మొదట్లో నూనె మిల్లు ఉండేది. సెనిగ నూనె వాసనా, పత్తి గింజల వాసనా కలిసి మా గుడ్డలకు పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. దాని జడకు నేను చింతబంక పూశాను, అది వేరే సంగతి.

దూది ఏకే మిషను వచ్చింది. మేం రోజంతా ఏకే పత్తిని అది గంటలో ఊదిపారేసేది. విల్లు గోడకు ఎక్కింది. నాయన దిగులుపడి తలుపు దగ్గర కూర్చుంటే జేజి తిట్టింది.

"ఏందిరా ఆ కూసోడం, పీనుగ లేసినంక కూసున్నట్ల? మిషను ఈడికొస్తే మనం ఆడికి పోదాం. పరుపుల్లేని ఊరు యాడన్నా ఉండదా?"

ఉంది. హొళగుంద దాటి, కన్నడం మాటలు మొదలయ్యే దిక్కున, తుంగభద్ర కాలువ కింద కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారని, తుమ్మలు కొట్టి మళ్ళు చేస్తున్నారని, చాపల మీద పడుకుని చలికి వణుకుతున్నారని ఎవరో చెప్పారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాళ్ళను 'క్యాంపోళ్ళు' అనేవాళ్ళు. ఊరికి పేరు కూడా లేదు, ఒట్టి 'క్యాంపు'. మేం ఆదోనిలో బస్సెక్కాం. నాయన విల్లును బస్సు మీద కట్టబోతే జేజి ఒప్పుకోలేదు, లోపలికి తెచ్చి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. కండక్టరు అరిచాడు. దిగేదాకా జేజి కూడా అరుస్తూనే ఉంది.

క్యాంపులో పన్నెండు బోదగడ్డి గుడిసెలు. నడుమ గుడిసె పెద్ద రైతుది. అందరికీ ఆయన మాటే మాట. తెల్ల పంచె, చేతిలో కర్ర, మాటకు ముందు 'ఏవండీ', మాటకు వెనక 'అండీ'. మేం మూటలు దించామో లేదో, ఇంకా గుడిసె ఎక్కడ వేసుకోవాలో కూడా అడక్కుండా, జేజి ఆయన ముందు నిలబడింది.

"అప్పా, మేం మట్టిలో పెట్టుకునేటోళ్ళం. మాలో ఎవురన్నా సస్తే పెట్టుకునే తావు ముందు సూపీ. ఇల్లు తర్వాత ఏసుకుంటాం."

పెద్ద రైతు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. "బతకడానికి వచ్చి చావు అడుగుతారేంటండీ!" అన్నాడు.

"బతికేదానికి తావు నువ్వు ఇయ్యకపోతే ఇంకోడు ఇస్తాడు. సచ్చినంక ఎవురూ ఇయ్యరప్పా."

ఆయన కర్రతో కాలువ చివర చూపించాడు. అక్కడ చవుడు గడ్డ ఉంది. తెల్లగా ఉప్పు తేలి, గడ్డి కూడా మొలవని నేల. "అది ఎందుకూ పనికిరాదు. తీసుకోండి. నా మాట మాటేనండీ" అన్నాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు, అందరూ విన్నారు. కాగితం అడగాలని మాకు తోచలేదు. మాట ఇచ్చాక కాగితమేంటి అనుకునే రోజులవి.

జేజి ఆ సాయంత్రమే గడ్డ దగ్గరికి పోయి, పెట్టినప్పుడు మొహం తిప్పాల్సిన పడమటి దిక్కు ఎటో చూసుకుని, మన్ను చేతిలోకి తీసుకుని నాకింది. "ఉప్పగుంది. పురుగు పట్టదులే" అంది. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. మన్ను నాకితే నన్ను కొట్టే జేజి తానే నాకిందని అమ్మకు చాడీ చెప్పాను.

ఆ చలికాలం జేజీ నాయనా ఇంటింటికీ పరుపులు కుట్టారు. రైతుల ఆడవాళ్ళు వచ్చి మా గుడిసె ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళ మాట మాకు వింత, మా మాట వాళ్ళకు వింత. "యాడికి పోతాండావు?" అని మా అమ్మ అడిగితే చాలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మూడు పూటలా అన్నమే తింటారని తెలిసి మేం నోరు తెరిచాం. మా జొన్నరొట్టె, గురెళ్ళ కారం రుచి చూసి వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, కారానికి. మళ్ళీ మర్నాడు గిన్నె పట్టుకుని కారం కోసం వచ్చింది కూడా వాళ్ళే.

అన్నిటికంటే పెద్ద తమాషా ఒక్క మాట దగ్గర జరిగింది. నేను "జేజీ!" అని కేకేస్తే, వాళ్ళ చిన్నపిల్లలు ఆట ఆపేసి, గబగబా రెండు చేతులూ జోడించేవాళ్ళు. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళ ఇళ్ళల్లో పసిపిల్లలకు దేవుణ్ణి చూపించి 'జేజి, దణ్ణం పెట్టు' అంటారట. మాకు జేజి అంటే నాయనమ్మ. వాళ్ళకు జేజి అంటే దేవుడు! ఇక నా పండగ చూడాలి. రోజుకు పదిసార్లు పనిలేకపోయినా "జేజీ" అని అరిచి, వాళ్ళు చేతులు జోడిస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. జేజి విల్లు పక్కన పెట్టి, "నన్ను సంపినావు గదమ్మే! దేవుడు ఒగడే. ఇంగోసారి పిల్చినావంటే గుండుతో కొడతా" అనేది. అంటూనే నవ్వేది.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. మలీదా చేయడానికి అమ్మ దాచిన బెల్లంలోంచి ఒక గడ్డ కాజేశాను. అమ్మ అడుగుల చప్పుడు విని, దాచడానికి చోటు లేక, జేజి కుడుతున్న దిండులో దూది మధ్య తోశాను. అది పెద్ద రైతు దిండు. మూడో రోజు ఆయన చెవి ఎర్రగా వాచి, దిండు చంకన పెట్టుకుని మా గుడిసెకు వచ్చాడు. దిండు నిండా చీమలు. జేజి నా వైపు ఒక్క చూపు చూసి, "అప్పా, మా ఆదోని దూదిలో తీపి జాస్తి" అంది. ఆయన కూడా నవ్వేశాడు. మంచివాడు కాదని అనను. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆ ఏడు క్యాంపులో మొదటి బిడ్డ పుట్టాడు. పెద్ద రైతు కొడుకే. పెళ్ళయిన చానాళ్ళకు పుట్టిన బిడ్డ. ఆయన భార్యను మేం అక్కా అనేవాళ్ళం. బిడ్డ కోసం జేజి అరచేయంత దిండు కుట్టింది, మధ్యలో ఆవాలు పోసి, తల గుండ్రంగా రావాలని. నలభై రోజులు నిండకుండానే బిడ్డకు జ్వరం వచ్చింది. వానలు. వంక పొంగి దారి లేదు. డాక్టరు దగ్గరికి పోయే బండి గట్టు మీదే ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు.

వాళ్ళలో పెద్దవాళ్ళను కాలుస్తారు, పసిబిడ్డలను పూడుస్తారు. పన్నెండు ఇళ్ళల్లో ఎవరూ పూడ్చే చోటు అనుకోలేదు. బతకడానికి వచ్చినవాళ్ళు కదా! నేలంతా మళ్ళు. పెద్ద రైతు తడిసిపోయి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ రోజు 'ఏవండీ' లేదు, 'అండీ' లేదు. "అమ్మా, నీ గడ్డలో..." అన్నాడు.

"రాప్పా" అంది జేజి. అంతే.

జేజీ, నాయనా, ఆయనా పోయారు. దూది మూట నేను మోశాను. జేజి విల్లుతో అప్పుడే ఏకిన దూది అడుగున పరిచి, బిడ్డను పడుకోబెట్టించింది. గుర్తుకు రాయి కావాలంది. చుట్టుపక్కల రేగడి నేల, రాయి ఎక్కడిది? వాళ్ళ పెరట్లో పగిలిపోయి పడున్న తిరగలి ఉంటే, దానిలో సగం ముక్క నాయన తెచ్చి పాతాడు. పెద్ద రైతు చేతులు పట్టుకుని అడిగాడు. "తుంగభద్రలో కలిపేశామని చెబుతాను. చోటు తెలిస్తే మా ఆవిడ రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటుంది. ఎవరికీ చెప్పొద్దు." జేజి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఇన్నావా? నోరు కుట్టేసుకో" అంది. నేను ఒట్టు పెట్టాను.

మూడేళ్ళు గడిచాయి. ఆ రైతులకు నేల సంగతి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చవుడు గడ్డ చుట్టూ గట్టు కట్టారు, కాలువ నీళ్ళు నిలబెట్టి వదిలారు, జనుము చల్లి దున్నారు. ఉప్పు విరిగింది. మూడో ఏడు అక్కడ వరినాట్లు పడ్డాయి. మేం వద్దనడానికి పోయేసరికి నాగళ్ళు దిగిపోయాయి. పెద్ద రైతు, "ఒక మూల వదిలేస్తాంలెండి, తర్వాత చూద్దాం" అన్నాడు. ఏ మూలా వదల్లేదు. తిరగలి ముక్క నాగలికి అడ్డమని ఎవరో కూలివాడు పెరికి గట్టు మీదికి విసిరేశాడు. జేజి దాన్ని ఎత్తుకొచ్చి తన మంచం కింద పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె పెద్ద రైతుతో మాట్లాడలేదు.

మరి కొన్నాళ్ళకే జేజి పోయింది. పొద్దున రొట్టె తట్టుతూ, "రొమ్ములో ఏందో పట్టినట్లుందిమ్మే" అని అమ్మతో అంది. రెండో రొట్టె పెనం మీదే మాడింది.

నాయన ముందు పెద్ద రైతు దగ్గరికి పోయాడు. ఆయన నేల చూపులు చూశాడు. "అప్పుడు చవుడు గడ్డ కదండీ, ఏదో మాటవరసకు అన్నాం. ఇప్పుడది నాటిన మడి. పచ్చటి పైర్లో శవమేంటండీ?" అన్నాడు. మాటవరసకట! మా జేజి మన్ను నాకి ఒప్పుకున్న మాట ఆయనకు మాటవరస!

నాయన సైకిలెక్కి పక్క ఊరి మసీదుకు పోయాడు. అక్కడి పెద్దలు, "కలిమా చెప్పు" అన్నారు. నాయన జేజి నేర్పినట్టే చెప్పాడు. మా ఇంట్లో ఎవరికీ అరబ్బీ రాదు, ఉర్దూ కూడా రాదు. చెవిన పడ్డది తెలుగు నోటితో పలికేవాళ్ళం. వాళ్ళు నవ్వారు. "పెళ్ళికి తాళి కడతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మీరెట్ల మావోళ్ళు?" అన్నారు. తల్లి శవం ఇంట్లో పెట్టుకుని వచ్చిన మనిషికి పరీక్ష పెడతారా? హిందువులకు మేం సాయిబులం, సాయిబులకు మేం ఎవరమో! నాయన తల వంచుకుని వస్తుంటే, ఆ మసీదులో నమాజుకు పిలుస్తూ బాంగు ఇచ్చే ముసలాయన వెనక నుంచి కేకేశాడట. "అరె, మౌత్ ఇంట్లో పెట్టుకోని ఇమ్తిహాన్ ఏందిరా? సదివేదానికి నేనొస్తా పా." నాయన వెనక సైకిలు మీద కూర్చుని వచ్చేశాడు. మనిషి దొరికాడు, మట్టి దొరకలేదు.

నాయన మళ్ళీ పెద్ద రైతు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ మూగారు. "ఆదోనికి తీసుకుపోండి, ట్రాక్టరిస్తాం" అన్నాడొకాయన, పెద్ద ఉపకారం చేసినట్టు. మా నాయన ఎదురు చెప్పకపోవడం చూసి నాకు ఏడుపు రాలేదు, పిచ్చి కోపం వచ్చింది. ఇంట్లోకి పరిగెత్తాను. మంచం కింద నుంచి తిరగలి ముక్క లాగి, పొట్టకు ఆనించుకుని మోసుకొచ్చి, పెద్ద రైతు కాళ్ళ ముందు దభీమని పడేశాను.

"మా జేజి ఆడ పండుకుంటే నీ పైరు సస్తాదా? మరి నీ కొడుకు ఆడనే పండుకోనుండాడు గదా! వాని మింద నాగలి తోలినావే, నీకు నిద్దరెట్ల పట్టిందప్పా మా పరుపు మింద?"

ఒట్టు తప్పాను. జేజి శవం ఇంకా లేవకముందే ఆమెకు పెట్టిన ఒట్టు తప్పాను.

అక్క గుమ్మంలో ఉంది. ఆమె మెట్టు దిగి వచ్చి తిరగలి ముక్క ముందు కూర్చుంది. పగిలిన అంచు మీద వేలు రాసింది. అది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న తిరగలి. భర్త వైపు చూసి, "తుంగభద్ర అన్నారు కదండీ" అంది. లేచి, కాలువ చివరిదాకా నడిచిపోయి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మడిలోకి దిగిపోయింది. మోకాలి లోతు బురదలో నిలబడి నారు పెరకడం మొదలుపెట్టింది. పెరికిన నారు గట్టు మీదికి విసిరేస్తూ, "ఎక్కడ? చెప్పండి, ఎక్కడ?" అని అరుస్తుంటే, పెద్ద రైతు గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాయనే దిగి పోయి చోటు చూపించాడు. నీళ్ళు కట్టేసి, గట్టు తెంచి, మడిలో నీళ్ళు దిగిపోయేదాకా సాయంత్రమైంది.

ఆ లోపల నాయన గోడ మీది విల్లు దించాడు. తల్లికి చుట్టే కఫను గుడ్డకు కావలసిన దూది తన చేత్తోనే ఏకాడు. 'టుంయ్' మన్న ప్రతిసారీ అమ్మ ఉలిక్కిపడేది. జేజికి స్నానం చేయించడానికి నీళ్ళు కాచి తెచ్చింది అక్కే, బురద కాళ్ళతోనే. బాంగు ముసలాయన చదివాడు. జేజిని బిడ్డ పక్కనే పెట్టారు. తిరగలి ముక్కను అక్క తన చేత్తో పాతింది. ఆ మూల మళ్ళీ నాగలి దిగలేదు.

మేం ఆ క్యాంపులో ఉండలేకపోయాం. ఏడాది తిరక్కుండా ఎమ్మిగనూరుకు వచ్చేశాం. వచ్చేరోజు అక్క నా జడకు కనకాంబరాలు పెట్టింది. పెద్ద రైతు ఎదురుపడలేదు.

ఇదంతా విని మనవడు, "పోదాం పా అవ్వా" అన్నాడు. మర్నాడే పోయాం. క్యాంపు ఇప్పుడు ఊరు. మిద్దెలు, బడి, నీళ్ళ ట్యాంకు. రాయి ముందు నిలబడ్డాను. మొదటి పేరు పెద్ద రైతుదే. ఆయన మనవడట, మేం వచ్చేశాక పుట్టిన కొడుకు బిడ్డ, మర్యాదగానే కుర్చీ వేయించాడు. పదమూడో పేరు ఏదని అడిగాను. "భూములు కొన్నవాళ్ళ పేర్లే వేయించామండీ. పనికి వచ్చినవాళ్ళవి వేయలేదు" అన్నాడు.

"మాకూ భూముండాది నాయనా. సూపిస్తా రా" అని లేచాను.

కాలువ చివరకు పోతే కాళ్ళు ఆగిపోయాయి. గడ్డ చుట్టూ సిమెంటు అరుగు. మధ్యలో మా తిరగలి ముక్క, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి. పక్కన రెండు అగరొత్తులు. "ఇది మా జేజి గడ్డండీ. చాలా మహిమ గల తల్లి" అన్నాడు ఆ అబ్బాయి, చెప్పులు విప్పుతూ. "మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం వచ్చి గంటలు గంటలు కూర్చునేది. మమ్మల్ని తెచ్చి, 'జేజికి దణ్ణం పెట్టండి' అనేది. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదండీ."

అక్కా! కొడుకు దగ్గర కూర్చోవడానికి నీకు మా జేజి మాట అడ్డం దొరికిందా! నీ మీద నాకు కోపం లేదు. మొగుడు కొడుకు మీద నాగలి తోలిన సంగతి ఏ ఇల్లాలు పైకి చెప్పగలదు? కానీ మిగతావాళ్ళ సంగతేంటి? మనిషిగా రాయి మీద ఎక్కించడానికి వీళ్ళకు చేయి రాలేదు, దేవతను చేసి మొక్కడానికి మాత్రం రెండు చేతులూ వచ్చాయి! దేవుడు ఒక్కడే అని నన్ను గుండుతో కొట్టబోయిన మనిషి నెత్తిన కుంకుమ! నోరు విప్పితే ఆగను నేను. ఆ గట్టు మీదే నిలబడి, ఆ అబ్బాయికి అంతా చెప్పాను. పూడ్చిన బిడ్డ సంగతీ, పెరికిన నారు సంగతీ, మాటవరస సంగతీ.

బడి వదిలిన పిల్లలు మూగారు. ఒక చిన్నపిల్ల తిరగలికి చేతులు జోడించి, సగంలో ఆగి నన్ను చూసింది.

"అయితే జేజి అంటే దేవుడు కాదా అండీ?"

"కాదు తల్లీ. జేజి అంటే నాయనమ్మ. మా నాయనమ్మ. మీ తాతలందరికీ పరుపులు కుట్టింది."

"ఆవిడ పేరేంటి?"

ఇన్నేళ్ళకు ఆ ఊళ్ళో ఆ మాట అడిగింది ఆ పిల్లే. చెప్పాను. రెండుసార్లు పలికించాను. చేయి పట్టుకుని నల్లరాయి దగ్గరికి తీసుకొచ్చి, దాని సంచిలో సుద్దముక్క తీయించి, పన్నెండో పేరు కింద రాయమన్నాను. పెద్దవాళ్ళు చూస్తూ నిలబడ్డారు, ఎవరూ వద్దనలేదు. పిల్ల నాలుక బయటపెట్టి, ఒత్తులు సరిచూసుకుంటూ, గుండ్రంగా రాసింది.

బస్సులో మనవడు, "వాన పడితే సెరిగిపోతాది గదవ్వా" అన్నాడు.

పోనీరా. సుద్దముక్క కొంగున కట్టుకునే వచ్చాను.